డ్రాకులా గారి కుక్క

‘కుక్క రక్తపిశాచి అయ్యే ఇంగ్లీషు సినిమా ఒకటుందట గదా, అది నవ్వుకోడానికా, భయపడ్డానికా?’ అని ఓ పాఠకుడు అడిగారు.

ఉందండీ. వారు అడిగింది 1977 నాటి ‘డ్రాకులాస్ డాగ్’ గురించే అయ్యుండాలి. ఇంగ్లండులో దాన్నే ‘జోల్టాన్... హౌండ్ ఆఫ్ డ్రాకులా’ అన్నారు. దర్శకుడు ఆల్బర్ట్ బాండ్. పేరు వింటే ఎవరికైనా ముందు నవ్వే వస్తుంది. నాకూ వచ్చింది. కాసేపయ్యాక ఆ నవ్వు కాస్తా పోయింది. భయపడి కాదు సుమండీ, జాలేసి!

కథేమిటంటే, డ్రాకులా వంశం వారి సమాధి ఒకటి సైనికుల కంటబడుతుంది. రాత్రి కాపలా ఉన్న కుర్రాడు ఊరుకోక ఓ శవపేటిక తెరుస్తాడు. లోపల గుండెలో మేకు దిగిన శవం. తెలిసినవాడెవడైనా ఏం చేస్తాడు? మూతపెట్టి దణ్ణం పెట్టి పోతాడు. వీడు మేకు లాగేశాడు! లేచింది మనిషి కాదు, డాబర్‌మన్ కుక్క. అదే జోల్టాన్. అది లేచీ లేవగానే కుర్రాడి పని పట్టి, ఇంకో పేటికలో ఉన్న తన పాత యజమాని గుండెలోంచి మేకును పళ్లతో పీకి లేపుతుంది. ఆ యజమాని వేషం రెగ్గీ నాల్డర్ వేశాడు. ఆ మొహానికి మేకప్ అక్కర్లేదు. 1979లో ‘సేలమ్స్ లాట్’లో అసలు రక్తపిశాచి కూడా ఆయనే.

ఇంతకీ కుక్క ఇలా ఎందుకైంది? ఇక్కడే ఉంది అసలు సంగతి. జోల్టాన్ ఒకప్పుడు ఒక పూటకూళ్ల ఇంటివాడి కుక్క. ఓ రాత్రి డ్రాకులా ఒక ఆడమనిషి మీద పడబోతే మొరిగి, మీదికి దూకి ఆవిణ్ణి కాపాడింది. నోటి దగ్గర కూడు చెడినందుకు దొరగారికి కోపం వచ్చింది. గబ్బిలమై వాలి ఆ కుక్కనే కొరికాడు. ఆ పైన యజమానినీ బానిసను చేసుకున్నాడు. అంటే చూడండి, అది చేసిన నేరం కాపలా కాయడం! తిన్న ఉప్పుకు విశ్వాసం చూపినందుకు పడిన శిక్ష అది.

దొర పోయాక కొత్త దొర కావాలి గదా! అమెరికాలో డ్రాకులా వంశంలో ఒక్కడే మిగిలాడు. వాడికి తన వంశం సంగతే తెలీదు. భార్యాపిల్లల్నీ పెంపుడు కుక్కల్నీ తీసుకుని సరస్సు ఒడ్డుకు షికారు వెళ్తాడు. జోల్టాన్ అక్కడికొచ్చి చుట్టుపక్కల కుక్కల్ని కొరికి తన పటాలంలో చేర్చుకుంటుంది. మనిషికి కొత్త సేవకుడు కావాలంటే జీతం ఇవ్వాలి, ఇక్కడ ఒక్క కాటు చాలు.

ఏ మాటకామాట, సినిమాగా చూస్తే అంతంత మాత్రం. సరస్సు దగ్గర కథ నత్తనడక నడుస్తుంది. 1950లో ‘సిరానో’ వేషానికి ఆస్కార్ కొట్టిన హోసే ఫెరర్ అంతటివాడు ఇందులో పోలీసు ఇన్‌స్పెక్టర్‌గా తిరుగుతుంటే మనకే మొహమాటంగా ఉంటుంది. పాపం కుక్క మాత్రం ఒళ్లొంచి చేసింది. దానికి కోరలు పెట్టిన మేకప్ మనిషి స్టాన్ విన్‌స్టన్. అవునండీ, తర్వాత ‘జురాసిక్ పార్క్’కి రాక్షసబల్లుల్ని నడిపించి ఆస్కార్ అందుకున్నాయనే! 1982లో ‘ది థింగ్’లో కుక్కల దొడ్లో మంచుకుక్క చీలిపోయి మరేదో అయ్యే ఘట్టం ఉందే, ఆ బొమ్మా వీళ్ల బృందం చేసిందే. ఆయనకు కుక్కలతో రుణానుబంధం ఉన్నట్టుంది.

అసలు ఈ కుక్క గొడవ ఆల్బర్ట్ బాండ్ కనిపెట్టింది కాదు. 1897లో బ్రామ్ స్టోకర్ రాసిన ‘డ్రాకులా’ నవలలోనే ఉంది. విట్బీ రేవులో ఓడ ఒడ్డుకు కొట్టుకురాగానే పెద్ద కుక్క ఒకటి దూకి చీకట్లో కలిసిపోతుంది. అది దొరగారేనని ఊరికి తెలీదు. ఆ ఊరి జంతుకారుణ్య సంఘం వాళ్లు అయ్యో పాపం అని, చేరదీద్దామని దాని కోసం వెతుకుతారు! నవల మొత్తంలో నాకు బాగా నచ్చిన చోటు అదే.

2007లో వచ్చిన ‘ఐ యామ్ లెజెండ్’లో ఈ వ్యవహారం ఇంకో మెట్టెక్కింది. ఇక్కడ రోగం సోకిన మనుషుల నాయకుడు, రోగం సోకిన కుక్కల్ని తాడు కట్టి వేటకు పట్టుకొస్తాడు. కథానాయకుడు కింద పడి ఉంటాడు. పొద్దు వాలుతుంటుంది. ఎండ గీత సన్నబడుతుంటే, ఆ కుక్కలు నీడ అంచున నిలబడి ఉంటాయి. యజమాని వదిలేదాకా కదలవు, గీత తెగేదాకా దాటవు. ఆ క్రమశిక్షణే నాకు చెమటలు పట్టించింది. కోరలు కాదు. తర్వాత వాటి కాటు తిన్న సామ్ అనే ఆడకుక్కను కథానాయకుడు ఒళ్లో పెట్టుకుని తన చేతుల్తోనే చంపాల్సి వస్తుంది. విల్ స్మిత్ మొహం తప్ప ఏమీ చూపించరు. ఆ సీను మళ్లీ చూడమంటే నా వల్ల కాదు.

మనం కుక్కను గ్రామసింహం అని వెక్కిరిస్తాం, కాలభైరవుడి వాహనమని దణ్ణమూ పెడతాం. ధర్మరాజు స్వర్గద్వారం దగ్గర దాన్ని వదిలి రానన్నాడు. హాలీవుడ్ వాళ్లు ఏం చేశారంటే, ఆ వదలని గుణాన్నే పట్టుకుని దాని మెడకు తాడు చేశారు. జోల్టాన్ తనంత తానుగా ఎవర్ని కరవాలనుకుందో సినిమా అంతా చూసినా నాకు తెలియలేదు. యజమాని చూపు ఎటు తిరిగితే అటు పరిగెత్తింది, అంతే.

ఆఖరికి దాన్ని చంపేస్తారు. కుటుంబం ఇంటిదారి పడుతుంది. అయిపోయిందని మనం లేవబోతుంటే, అంతకుముందు కాటుకు పోయిన చిన్న కుక్కపిల్ల కళ్లు మెరుస్తూ కనిపిస్తుంది. రెండో భాగం తీద్దామనుకున్నారో ఏమో, ఆ పిల్ల కథ మాత్రం తెరకెక్కలేదు.