అరువది దినములు: పరువు పేర మౌనము తగదు

తరతరములుగా తమిళనాట స్థిరపడిన మన కుటుంబములకు బ్యాంకుల నోటీసులు వచ్చుచున్నవి. వచ్చిన నోటీసు బీరువాలోనికి పోవుచున్నది. నలుగురికి తెలిసిన పరువు పోవునని ఇంటిపెద్ద నోరు మెదపడు. తుదకు తలుపుపై కాగితము అంటింపబడిన నాడు పరువును పోవును, ఇల్లును పోవును. ఈ మౌనమును మేము ఖండించుచున్నాము.

అప్పు తీసికొన్నవాడు తీర్చవలదా యని కొందరు పెద్దలు ప్రశ్నింతురు. తీర్చవలసినదే. మేమును వర్తకులమే, అరువిచ్చి వసూలుకాక పడు బాధ మాకు క్రొత్త కాదు. ఎగవేతదారుల పక్షమున మేము వకాల్తా పుచ్చుకొనలేదు. కాని చట్టమిచ్చిన గడువులను వాడుకొనుట ఎగవేత కానేరదు. ఆ గడువులు తెలియకుండుటయే మనవారి కొంప ముంచుచున్నది.

సర్ఫేసీ యని వాడుకలోనున్న 2002 నాటి చట్టము, దావాతో పనిలేకయే తాకట్టు ఇంటిని స్వాధీనపరచుకొను అధికారమును బ్యాంకులకిచ్చినది. దావా, డిక్రీ, వాయిదాలని పూర్వమువలె ధీమాగా నుండుట ఇక చెల్లదు. కిస్తీ 90 దినములు మించి నిలిచినచో బ్యాంకు దానిని మొండిబాకీగా వ్రాసికొనును. పిమ్మట 60 దినములలో బాకీ యావత్తు చెల్లింపుమని నోటీసు ఇచ్చును. ఆలోగా మనము అభ్యంతరములు వ్రాసి పంపినచో, వానిని త్రోసిపుచ్చు బ్యాంకు 15 దినములలో కారణములు తెలుపవలెను. తరువాత స్వాధీనపు నోటీసు. కలెక్టరు గాని, ముఖ్య మేజిస్ట్రేటు గాని ఇల్లు ఖాళీ చేయించి అప్పగింతురు. ఆ చర్యపై 45 దినములలో చెన్నై, కోయంబత్తూరు, మదురైలలోని ఋణ వసూళ్ల ట్రిబ్యునళ్లలో తగినదానికి పోవచ్చును. సివిలు కోర్టు తలుపు మూయబడియున్నది. వేలమునాడు సొమ్ము తెచ్చి ఇల్లు విడిపించుకొందుమను ఆశయు వలదు. 2016 నాటి సవరణ ననుసరించి వేలపు ప్రకటన వెలువడకముందే చెల్లింపవలెను. 2023లో సుప్రీంకోర్టు సైతము దీనినే స్థిరపరచినది. సేద్యపు భూమికి ఈ చట్టము వర్తింపదు. అసలు వడ్డీలలో నూటికి 20 వంతులలోపు మిగిలిన బాకీకిని వర్తింపదు. ఈ సంగతులు మనలో ఎందరెరుగుదురు?

ఇక బ్యాంకుల మాట. అప్పు ఇచ్చునాడు మన వీధికి వచ్చి మన తెలుగున తీయగా పలుకుదురు. సంతకము పెట్టు కాగితము ఆంగ్లము. పిమ్మట వచ్చు నోటీసును ఆంగ్లమే. ఇల్లు స్వాధీనమైనదని ప్రాంతీయ భాషాపత్రికలో ప్రకటింపవలెనని నియమము కలదు. కాని 60 దినముల నోటీసు ఇంటివానికి తెలిసిన భాషలో నుండవలెనని చట్టము చెప్పదు. ఇల్లు పోయినదని ఊరికి ఊరి భాషలో చాటవలెనట! పోనున్నదని ఇంటివానికి వాని భాషలో చెప్పనక్కరలేదట! ఇదెక్కడి న్యాయము? బ్యాంకులు కాని ఋణసంస్థలు తమ వర్తమానములను ప్రాంతీయ భాషలో గాని, ఋణగ్రహీతకు తెలిసిన భాషలో గాని పంపవలెనని రిజర్వు బ్యాంకు నియమావళి చెప్పుచున్నది. ఆ నియమము అక్షరాల అమలు కావలెను, బ్యాంకులకును వర్తింపవలెను. ఇది మా కోరిక.

రాజ్యాంగము 350వ అధికరణము ప్రకారము, కష్టము తీర్పుమని ప్రభుత్వాధికారులకు తెలుగున అర్జీ పెట్టుకొను హక్కు మనకు కలదు. హక్కున్నది; వ్రాయువాడు లేడు.

కల్యాణమండపమునకు పాలరాయి పరపించుటకు చందాలిచ్చు సంఘము, వారమునకొకనాడు నోటీసులు చదివి చెప్పు న్యాయవాదిని నియమింపలేదా? కార్యవర్గము దీనిని వెంటనే తలపెట్టవలెను. సోదరులారా! నోటీసు వచ్చిన నాడే తేదీ గుర్తించి నలుగురి యెదుట పెట్టుడు. అప్పు చేయుట అవమానము కాదు. గడువు దాటువరకు దాచుట అనర్థము.