అంటించినవి ఊడదీసేటప్పుడు



ఈ నెల ఒక గ్రామ సంఘపెద్దగారు ఉత్తరం వ్రాశారు. కోత పండుగ కానుకలు కూడబెట్టి, సంఘమంతా కలిసి తమ పాస్టరుగారికి పాత మారుతీ వ్యాను కొన్నారట. నీలం రంగు బండి. మూడు పల్లెల్లో ఆరాధనలు జరిపే ఆ దైవసేవకునికి ఇన్నాళ్ళూ పాత మోటారు సైకిలే ఆధారం. అయితే బండి అమ్మినాయన వెనుక తలుపుమీద తన కులం పేరు మెరిసే ప్లాస్టిక్ అక్షరాలతో జానెడు ఎత్తున అంటించుకున్నాడు. తలుపుల పక్కన బీడింగులు, అద్దాలపైన వాన చినుకులు పడకుండా వైజర్లు కూడా ఉన్నాయి. "ఆ పేరు మోసుకుంటూ అయ్యగారు మా పేటలో ఎలా దిగుతారు? క్రిస్మస్‌కు ప్రతిష్ఠ ప్రార్థన పెట్టుకున్నాము. ఉలితో లేపేద్దామని మా కుర్రాళ్ళు తొందరపడుతున్నారు. మీరేమంటారు?" అని అడిగారు.

అన్నగారూ, ముందు ఆ ఉలి దాచిపెట్టించండి. ఉలితో కొడితే అక్షరం ఊడుతుంది గాని, దాని అంచువెంట పడిన గీత రంగులోకి దిగిపోతుంది. ఇప్పుడు అంటించి ఉన్న పేరు అప్పుడు చెక్కినట్టు కనబడుతుంది.

ఇది నేను నష్టపడి నేర్చుకున్న సంగతి. చాలా ఏళ్ళ క్రితం మా బావగారు కిరాయికి తిప్పుకొనే ఇండికా కారుకు ఒక బీడింగు సగం ఊడి వేలాడుతుంటే, సాయం చేద్దామని స్క్రూడ్రైవరు దూర్చి ఒక్క లాగు లాగాను. బీడింగుతోపాటు అరచేయంత రంగు, దానికింద లప్పం కూడా పెళ్ళలుగా వచ్చాయి. ఆ తలుపు ఎప్పుడో దెబ్బతిని, టింకరింగు చేసి మళ్ళీ రంగు వేసినదట. పెళ్ళిళ్ళ నెలలో బండి పన్నెండు రోజులు షెడ్డులో పడి ఉంది. బావగారు ఏమీ అనలేదు. అక్కయ్య మాత్రం అన్నది.

కాబట్టి మొదట తెలుసుకోవలసింది ఆ రంగు కంపెనీదా, తర్వాత వేసినదా అని. కంపెనీలో రేకుకు పట్టించే రంగును సుమారు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు. అది గట్టిగా పట్టుకొని ఉంటుంది. షెడ్డులో వేసిన రంగుకు ఆ బలం ఉండదు. చిన్న అయస్కాంతానికి పలుచని గుడ్డ చుట్టి తలుపంతా ఆనించి చూడండి. ఎక్కడైనా పట్టు తగ్గితే అక్కడ కింద లప్పం ఉన్నట్టే. అటువంటి చోట అంటించినదాన్ని ముట్టుకోకుండా పెయింటరుకు చూపించడమే మేలు. అయస్కాంతం బాగా పట్టుకున్నంత మాత్రాన అది కంపెనీ రంగేనని పూర్తిగా నమ్మకూడదు. అందుచేత కనబడని మూలనున్న చిన్న ముక్కతోనే పని మొదలుపెట్టండి.

ఈ అక్షరాలు, బీడింగులు, వైజర్లు ఎక్కువగా రెండువైపులా జిగురున్న స్పాంజి టేపుతో అంటిస్తారు. ఆ జిగురు చలికి బిగుస్తుంది, వేడికి మెత్తబడుతుంది. మీకు కావలసిన కిటుకంతా ఇదే. బండిని ముందు నీళ్ళతో శుభ్రంగా కడగాలి. ఇసుక రేణువు ఒక్కటి మిగిలినా రుద్దినప్పుడల్లా గీస్తుంది. తర్వాత రెండు గంటలు ఎండలో నిలపండి. ఎండ చాలకపోతే వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డను అక్షరంమీద రెండేసి నిమిషాలు అదిమి పెట్టి, చల్లారగానే మార్చండి. పట్నంలో చదివే ఆడపిల్లల దగ్గర జుట్టు ఆరబెట్టే మిషను ఉంటే ఇంకా సులువు. దాన్ని జానెడు దూరంలో పట్టుకొని, ఒకేచోట ఆపకుండా అటూ ఇటూ తిప్పాలి. రేకుమీద చెయ్యి ఆనిస్తే చుర్రుమనాలి గాని కాలకూడదు. అద్దాలమీద మరిగే నీళ్ళు పోయకండి, పగులుతాయి. ఇక బ్లోలాంపు వెలిగిస్తానని ఎవరైనా అంటే ఆయనను టీ తాగి రమ్మని పంపించండి.

జిగురు మెత్తబడ్డాక లాగకూడదు, కోయాలి. చేపల గాలానికి వాడే నైలాను దారం మూరెడు తీసుకొని, రెండు చివరలా పుల్లలు కట్టి, అక్షరానికీ రేకుకూ నడుమనున్న స్పాంజిలోకి పోనిచ్చి రంపంలాగా అటూ ఇటూ ఆడించండి. చుట్టూ రంగుమీద కాగితపు టేపు వేసుకుంటే భయం ఉండదు. దారం ఎక్కడైనా గట్టిగా ఆగిపోతే బలవంతం చేయవద్దు. కొన్ని చిహ్నాలకు వెనుక చిన్న మేకులుండి రేకు రంధ్రాల్లో దిగి ఉంటాయి. వాటిని తీస్తే రంధ్రం పూడ్చక తప్పదు. ఫెవిక్విక్ వంటిదానితో అతికించినవైతే దారానికి లొంగవు. అటువంటివి పెయింటరుకే వదిలేయండి.

ముక్క ఊడాక మిగిలిన జిగురును వేడిగా ఉండగానే బొటనవ్రేలితో ఉండలుగా దొర్లించాలి. పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో నెట్టవచ్చు. బ్లేడు మాత్రం వద్దు. చివరి మరకలకు నీలగిరి తైలం గాని కిరసనాయిలు గాని గుడ్డకు రాసి, అయిదు నిమిషాలు ఆనించి తుడిచి, వెంటనే సబ్బునీళ్ళతో కడిగివేయండి. దీన్ని కూడా ముందు ఒక మూల పరీక్షించండి. దగ్గర పొయ్యి, బీడీ ఉండకూడదు. వేడి మిషను అప్పటికే పక్కన పెట్టేయాలి. థిన్నరు, పెట్రోలు, గోళ్ళ రంగు తీసే మందు ఇంట్లో ఉన్నా సరే, తేవద్దు.

బీడింగు వెనుక నీళ్ళు నిలిచి తుప్పు పట్టి ఉండవచ్చు. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఇది మరీ ఎక్కువ. వట్టి రేకు కనబడితే ఆ వారంలోనే గీకించి ప్రైమరు వేయించండి.

ఇప్పుడు అసలు చిక్కు చెబుతాను. అక్షరాలన్నీ పోయాక కూడా ఆ పేరు చదవడానికి వస్తుంది! ఏళ్ళ తరబడి ఎండకు చుట్టూ ఉన్న నీలం వెలిసిపోయి ఉంటుంది. అక్షరం కింది నీలం కొత్తగానే ఉంటుంది. కుర్రాళ్ళు దాన్ని జిగురు మరక అనుకొని గిన్నెలు తోమే పీచుతో రుద్దుతారేమో, జాగ్రత్త. అక్కడ రుద్దవలసింది అక్షరాన్ని కాదు, దాని చుట్టూ వెలిసిన రంగును. రబ్బింగ్ కాంపౌండు కొద్దిగా మెత్తని తడిగుడ్డకు తీసుకొని, తలుపు మొత్తం సమంగా, చేత్తోనే, తేలికగా రుద్దండి. పైపొర పలుచన కాబట్టి అంచుల దగ్గర ఎక్కువ రుద్దితే తెల్లబడుతుంది. రెండు మూడు విడతల్లో చాలావరకు కలిసిపోతుంది. ఆపైన మైనపు పాలిష్ పట్టించండి. అప్పటికీ సాయంకాలపు ఏటవాలు ఎండలో లీలగా కనబడితే, ఆ ఒక్క తలుపుకు రంగు వేయించడానికి సంఘం మరోసారి చెయ్యి చాపక తప్పదు. వైజర్లు పనికొచ్చేవే, ఉంచుకోండి.

మీ ఉత్తరం చివర, ఆ ఖాళీలో దాతల పేర్లు అంటిద్దామని కొందరు అంటున్నారని వ్రాశారు. ఇదంతా చదివి వినిపించాక కూడా వారికి ఆ ఉత్సాహం ఉంటుందో లేదో ఒక కార్డుముక్క వ్రాయండి.