ఇంటి లెక్క: వెనక సీటు ఎవరిది?

దసరా దగ్గరికొచ్చిందంటే సోలాపూర్ పేటల్లో, భివండీ చాళ్ళల్లో ఒకటే మాట: "ఈసారి ఊరికి సొంత గాడిలో పోదాం." అమ్మానాన్న, ఇద్దరు అన్నదమ్ములు, ఇద్దరు కోడళ్ళు, నలుగురు పిల్లలు. ఇంత మంది ఉన్న ఇళ్ళు మనలో ఇప్పటికీ చాలా ఉన్నాయి. ఏడు సీట్ల గాడి ఒకటి కొంటే అందరం పట్టేస్తాం అనుకుంటాం. ఆ ఏడు సీట్ల లెక్కే ఈ నెల చూద్దాం.

ముందు ఇద్దరు, నడుమ ముగ్గురు, వెనక ఇద్దరు. వెనక వరసే అసలు పరీక్ష. మన ఇళ్ళల్లో ముందు సీటు నాన్నది, నడుమ కిటికీ పక్క జాగా అమ్మది. చివరికి వెనక దూరేది చిన్న కోడలే. ఒళ్ళో పిల్ల, కాళ్ళ కింద టిఫిన్ సంచి. సోలాపూర్ నుంచి హైదరాబాద్ దాదాపు 300 కిలోమీటర్లు. నల్‌దుర్గ్, ఉమర్గా, జహీరాబాద్ దాటేదాకా మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేది ఆమే. షోరూంకు పోయేది మాత్రం అన్నదమ్ములిద్దరే! స్టీరింగ్ పట్టుకుని చూస్తారు, రంగు చూస్తారు, ఫోటో దిగి వస్తారు.

అందుకని షోరూంకు పోయేటప్పుడు వెనక కూర్చునే మనిషిని తీసుకుపొండి. చీర కట్టుకునే రమ్మనండి. నడుమ సీటు మడిచి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కి దిగమనండి. తర్వాత నడుమ వరసలో మీరు హాయిగా కూర్చోండి, ఆమెను వెనక పావుగంట కూర్చోబెట్టండి. మోకాలు ముందు సీటుకు తగులుతోందా? పాదం పెట్టడానికి సందు ఉందా? తల పైకప్పుకు కొడుతోందా? వెనక అద్దం చాలా గాళ్ళలో తెరుచుకోదు, కాబట్టి ఏసీ గాలి అక్కడిదాకా వస్తోందో లేదో చెయ్యి పెట్టి చూడాలె. కార్లో వాంతి వచ్చే మనిషికి ఇది చిన్న సంగతి కాదు. ఆమె "వద్దు" అంటే ఆ గాడి వద్దనే.

ఇప్పుడు సామాను. ఏడు సీట్లూ వాడుకుంటే రెనో ట్రైబర్‌లో వెనక మిగిలేది 84 లీటర్ల జాగా. అంటే మనం తెచ్చుకునే 20 లీటర్ల నీళ్ళ డబ్బాలు నాలుగు. మారుతీ ఎర్టిగాలో 209 లీటర్లు, అంటే పది డబ్బాలు. ట్రైబర్ వెనక సీట్లు పూర్తిగా ఊడదీస్తే 625 లీటర్లు వస్తుంది, కానీ అప్పుడది ఐదుగురి గాడి. మనమేమో ఊరికి పోయేటప్పుడు చద్దర్లు, టవళ్ళు మూటగట్టుకుని పోతాం, వచ్చేటప్పుడు బియ్యం బస్తా తెచ్చుకుంటాం. ఆ బరువంతా నెత్తిన క్యారియర్ మీద కడితే మలుపుల్లో గాడి ఊగుతుంది. ఎర్టిగా సీఎన్జీ అయితే సిలిండర్ కూడా సామాను జాగాలోనే కూర్చుంటుంది. ఖర్చు తగ్గుతుంది నిజమే, సంచులు ఎక్కడ పెడతారో ముందే చూసుకోండి.

ఇంకో మాట. ట్రైబర్ ఇంజన్ 1 లీటరుది, ఎర్టిగాది 1.5 లీటర్లది. నిండా మనుషులతో, ఏసీ వేసుకుని ఎత్తు ఎక్కేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది. టెస్ట్ డ్రైవ్‌కు ఒక్కరే పోకండి, ఇంటిల్లిపాదీ ఎక్కండి. ధరలో కూడా తేడా ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి, 4 మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ ఇంజన్ ఉన్న గాడికి జీఎస్టీ 18 శాతం. ట్రైబర్ ఇందులోకి వస్తుంది. ఎర్టిగా పొడవులోనూ ఇంజన్‌లోనూ దాటిపోతుంది, దానికి 40 శాతం.

పాత గాడి కొనేవాళ్ళు తయారైన సంవత్సరం చూడండి. డ్రైవర్ పక్క సీటుకు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయ్యింది ఈ మధ్యనే, అంతకుముందు వచ్చిన చవక రకాల్లో చాలావాటికి అది లేదు. ఆర్సీ బుక్కులో 7 అని ఉంటే బెల్టులు కూడా ఏడే. ఎనిమిదో మనిషి ఒళ్ళో పిల్లే అయినా, గట్టిగా బ్రేక్ పడితే ఆ పిల్లను ఏ చెయ్యీ ఆపలేదు. పదిమంది ఇంటికి ఏడు సీట్ల గాడి ఎప్పుడూ సరిపోదని ముందే ఒప్పుకుంటే మంచిది.

చివరికి పైసల లెక్క. 6 లక్షలు లోను, 10 శాతం వడ్డీ, 5 ఏళ్ళు అనుకోండి. నెలకు కిస్తీ సుమారు 12,750. ఏడాదికి 1,53,000. ఐదేళ్ళలో వడ్డీ ఒక్కటే లక్షా 65 వేల దాకా పోతుంది. ఇన్సూరెన్స్, పెట్రోల్, టైర్లు వేరే. కిరాయి గాడి కిలోమీటరుకు 15 రూపాయలు పడిందనుకుందాం. రోజుకు కనీసం 300 కిలోమీటర్ల చొప్పున, మూడు రోజుల ప్రయాణానికి 13,500. ఏడాదికి నాలుగుసార్లు పోయినా 54,000, పైన డ్రైవర్ బత్తా, టోలు. మీ ఊళ్ళో రేటు ఎంతో అడిగి ఇదే లెక్క మీరే వేసుకోండి. కిరాయికి మాత్రం పసుపు నంబర్ ప్లేటు గాడినే పిలవండి. తెలిసినవాళ్ళ తెల్ల ప్లేటు గాడికి డబ్బులిచ్చి పోతే, ఏదైనా జరిగిన రోజు ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేయొచ్చు.

అంటే సొంత గాడి వద్దనా? కాదు. నాన్నను వారం వారం డయాలసిస్‌కు తీసుకుపోయే ఇల్లుంటుంది. టవళ్ళ మూటలు రోజూ బజారుకు వేసే ఇల్లుంటుంది. వాళ్ళకు గాడి పనిముట్టే, కొనాల్సిందే. పండుగకూ పెండ్లికీ మాత్రమే కావాలంటే కిరాయే మేలు. ఒక కాగితం మీద పోయిన ఏడాది అందరూ కలిసి ఎన్ని రోజులు ప్రయాణం చేశారో రాయండి. పక్కనే, సాంచాలు ఆగి పగార్ రాని వారాలు ఎన్నో కూడా రాయండి. సాంచాలు ఆగినా కిస్తీ ఆగదు. ఆ కాగితం ఇంట్లో అందరి ముందర చదవండి, మొదటి మాట చిన్న కోడలిని అడగండి.