చిన్న సాఫ్ట్‌వేర్‌కు డాలర్లు పెట్టాలా?

ఫార్మింగ్టన్ హిల్స్: విండోస్ 10కు ఉచిత అప్‌డేట్ల గడువు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. దాంతో మా ఇంట్లోనూ పాత కంప్యూటర్ పక్కకు వెళ్లింది. కొత్తది తెరిచామో లేదో ‘క్లీనర్’, ‘స్పీడ్ బూస్టర్’ అంటూ ఏడాది చందా ప్రకటనలు. వాటికి నేనైతే ఒక్క సెంటు కూడా పెట్టను. చెత్త ఫైళ్లు తీసే పని విండోసే చేస్తుంది. రార్ ఫైళ్లనూ విండోస్ 11 సొంతంగా తెరుస్తోంది. 7-జిప్ ఎలాగూ ఉచితమే. విన్‌రార్ అయితే 40 రోజుల గడువు దాటినా కొనమని గుర్తుచేస్తూనే పనిచేస్తుంది. మనలో ఎంతమంది కొన్నారో అడగొద్దు!

అసలు చిక్కు నాన్నగారి రాతలతో వచ్చింది. ఇరవై ఏళ్ల కిందట డబ్బిచ్చి కొన్న ఓ తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆయన మా ఊరి జ్ఞాపకాలు టైపు చేశారు. కొత్త కంప్యూటర్‌లో తెరిస్తే అన్నీ పిచ్చి గుర్తులే. అప్పటి ఫాంట్లు చాలావరకు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు అమర్చుకున్నవి. ఆ ఫాంటు లేకపోతే ఫైలు ఉన్నా లేనట్టే. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉంది. విండోస్ ఎక్స్‌పీ 2001లోనే గౌతమి ఫాంటుతో వచ్చింది. మేమే పట్టించుకోలేదు.

చివరకు యూనికోడ్‌లోకి మార్చే చిన్న కన్వర్టర్‌కు పాతిక డాలర్లు ఇచ్చాను. దండగ అనిపించలేదు. అందుకే ఇప్పుడు ఏది కొనాలన్నా ధరకంటే ముందు ఒకటి చూస్తున్నాను: ఆ కంపెనీ మూతపడినా నా ఫైలు మరోచోట తెరుచుకుంటుందా?

కొన్ని ఒత్తులు తారుమారయ్యాయి. ఆదివారాలు అమ్మ ఫోన్‌లో చదివించుకుని ఒక్కొక్కటీ సరిచేయిస్తోంది.