బడి ప్రణాళికలో సుగ్గి మాటేది?

దసరా, దీపావళి దాటితే ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో ఊళ్లు ఖాళీ కావడం ఏటా చూస్తున్నదే. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు, తెలంగాణ వైపు సుగ్గికి తరలిపోతాయి. పెద్దల వెంట పిల్లలూ పోతారు. ఉగాదికి తిరిగివచ్చేసరికి పాఠాలు ఎంతో ముందుకు సాగిపోయి ఉంటాయి. చదివింది మరచిన పిల్లవాడు సిగ్గుపడి కొన్నాళ్లకు బడే మానేస్తాడు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్ర అక్షరాస్యత 67 శాతం కాగా, నాటి కర్నూలు జిల్లాది 60 శాతమే. ఈ వెనుకబాటులో వలసకూ వాటా ఉందనడంలో సందేహం లేదు.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి అభివృద్ధి ప్రణాళికను పాఠశాల యాజమాన్య కమిటీ తయారుచేయాలి. ఆ కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే. ప్రణాళిక అనగానే గదులు, ప్రహరీగోడ, మరుగుదొడ్డి గుర్తుకు వస్తాయి. అవీ కావలసినవే. కాని ఏ నెలలో ఎందరు పిల్లలు ఊరు విడుస్తున్నారు, వచ్చాక ఏ పాఠం దగ్గర తడబడుతున్నారు అన్న లెక్క లేని ప్రణాళిక కాగితాలకే పరిమితం.

ఈ లెక్క ఏ ఒక్క పంతులో తేల్చగలిగేది కాదు. ఇరుగుపొరుగు బడులు కలిసి పనిచేయాలని కొఠారీ కమిషన్ 1966లోనే చెప్పింది. 1980లలో బ్రిటన్ సహాయంతో మన రాష్ట్రంలో నడచిన ప్రాథమిక విద్యా పథకం ఉపాధ్యాయులు కూడి మాట్లాడుకునే కేంద్రాలను నెలకొల్పింది. స్కూలు కాంప్లెక్సు సమావేశాలది కూడా అదే ఒరవడి. ఇవి సర్క్యులర్లు చదివి సంతకాలు చేయడంతో ముగియరాదు.

ఒక్క ప్రశ్న తీసుకోండి: సుగ్గి నుంచి వచ్చిన పిల్లవాడు ఎక్కడ ఆగిపోతున్నాడు? ప్రతి ఉపాధ్యాయుడూ అలాంటి ఐదుగురి చేత చదివించి, చూసింది రాసుకురావాలి. ఒకరికి గుణింతం రాకపోవచ్చు. సరిహద్దు గ్రామాల్లో ఇంట కన్నడం మాట్లాడే బిడ్డకు తెలుగు వాచకమే బరువు కావచ్చు. ఒక బడిలో ఫలించిన ఉపాయాన్ని మరో బడిలో చేసి చూడాలి. ఫలించకపోతే దాచకుండా చెప్పాలి. తేలిన విషయాలే ప్రణాళికలో మొదటి పేజీ కావాలి.

గ్రామస్థుల వంతూ ఉంది. ఎప్పుడు పోయేదీ, ఎప్పుడు వచ్చేదీ పంతులుగారికి ముందే చెప్పాలి. వీలున్నచోట పిల్లలను అవ్వాతాతల వద్ద ఉంచిపోవాలి. వలస పిల్లల సీజనల్ హాస్టళ్లను అధికారులు బండ్లు కదలకముందే తెరవాలి. కదిలాక తెరిచి ప్రయోజనమేమిటి?

వాన రాకపోవడం మన చేతిలో లేదు. వచ్చిన బిడ్డకు మళ్లీ చదువు నేర్పడం మన చేతిలోనే ఉంది.