ఇంటి వర్క్‌షాపు: వెనుక షాక్ అబ్జార్బరు బుష్షుల మార్పిడి

కర్మాగారంలో మోటారును, పంపును కలిపే పిన్-బుష్ కప్లింగులో రబ్బరు బుష్షులు అరిగినవని తెలిస్తే మేము ఆ పూటే షట్‌డౌన్ కోరి మార్పిస్తాము. చప్పుడు చేస్తున్న యంత్రాన్ని అలాగే నడవనివ్వడం మెయింటెనెన్సు ఇంజనీరుకు అప్రతిష్ఠ. అటువంటి మేమే మా మోటారుసైకిలు వెనుక భాగంలో నాలుగు నెలలపాటు 'టక్కు టక్కు'మని శబ్దం వినిపించినా ఉపేక్షించితిమని ఈ నెల పాఠకుల ముందు ఒప్పుకొనవలసి వచ్చినది.

మొదట గుర్తించినది మా శ్రీమతి. "ఏమండీ, ఈ చప్పుడు నా కాలి దగ్గరే వస్తోంది" అని ఆమె అంటే, రోడ్లు బాగాలేవని మేము సమాధానం చెప్పితిమి. చీర కట్టుకొని ఒక పక్కకు కూర్చొనే ఆమె పాదాలు ఎడమ షాక్ అబ్జార్బరు పక్కనే ఉంటాయన్న సంగతి ఆలోచించలేదు. ఒక వర్షాకాలపు సాయంత్రం బజారు నుండి వస్తూ మలుపులో గుంతను దాటగానే బండి వెనుక భాగం పక్కకు ఊగినది. ఆమె గ్రాబ్ రెయిలు గట్టిగా పట్టుకొనబట్టి ప్రమాదం తప్పినది. కూరగాయలు మాత్రం రోడ్డు పాలైనవి. ఆమె మమ్ములను ఒక్క మాట అనలేదు. కాని తరువాత రెండు వారాలు బజారుకు ఆటోలోనే వెళ్ళివచ్చినది.

ఆ ఆదివారం విప్పి చూడగా ఎడమవైపు కింది బుష్షులో రబ్బరు దాదాపు లేదు. ఇనుము ఇనుముతో రాచుకొని స్టడ్డు మీద గాడి పడియున్నది. చప్పుడు వచ్చినప్పుడల్లా మేము నట్టు మరికాస్త బిగించి సంతృప్తి పడుచుంటిమి. రోగం ఒకచోట, మందు మరొకచోట!

బుష్షు చేసే పని

షాక్ అబ్జార్బరు పైకొన ఛాసిస్‌కు, కిందికొన స్వింగ్ ఆర్మ్‌కు తగిలి ఉంటాయి. చక్రం ఎగిరి దిగినప్పుడల్లా ఈ కొనలు కొన్ని డిగ్రీల మేర తిరుగుతాయి. కొననున్న కన్నులో రబ్బరు, దాని నడుమ ఉక్కు గొట్టం ఉంటాయి. నట్టు ఈ గొట్టాన్ని బిగబట్టగా, కదలికను రబ్బరు తనలో ఇముడ్చుకొంటుంది, అదరును తగ్గిస్తుంది. 1844లో ఛార్లెస్ గుడ్‌ఇయర్ పేటెంటు పొందిన వల్కనైజేషన్ పద్ధతి రబ్బరుకు ఈ సత్తువనిచ్చినది. అయినను ఎండకు, గాలిలోని ఓజోనుకు అది పగుళ్ళిస్తుంది; నూనె తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. గొలుసుకు పోసిన నూనె చిమ్మి పడే చోటనే కింది బుష్షులు ఉన్నవని గమనించగలరు.

పరీక్ష

బండిని సెంటర్ స్టాండుపై నిలిపి వెనుక చక్రాన్ని చేతులతో పైకి ఎత్తి వదలవలెను. షాక్ అబ్జార్బరు కొనలవద్ద వేలు ఆనించితే వదులు తెలుస్తుంది. చక్రం పక్కలకు ఊగుచున్నచో లోపం స్వింగ్ ఆర్మ్ బుష్షులలోనో, చక్రపు బేరింగులలోనో ఉండవచ్చును. ఆ రెంటినీ వేరుగా చూడవలెను.

విప్పుట

ఇక్కడ చెప్పుచున్నది రెండువైపులా షాక్ అబ్జార్బర్లు ఉన్న బండ్లకు మాత్రమే. సీటు కింద ఒంటి షాక్ అబ్జార్బరు ఉన్న బండి బరువంతా దానిపైనే ఆధారపడును గనుక ఆ పని మెకానిక్కుకే వదలవలెను.

చక్రం కింద చెక్కముక్క ఉంచి స్టడ్డులపై భారం తగ్గించవలెను. ఒకసారి ఒకవైపు మాత్రమే విప్పవలెను. రెండవవైపుది స్వింగ్ ఆర్మ్‌ను స్థానంలో నిలుపుతుంది. అడ్డు వచ్చినచో సైలెన్సరును, గ్రాబ్ రెయిలును ముందుగా తీయవలెను. నట్టులు తీసి, వాషర్లు ఏ వరుసలో ఉన్నవో కాగితంపై గీసికొని, షాక్ అబ్జార్బరును రెండు కొనలవద్ద సమానంగా బయటకు లాగవలెను. మరలపై సుత్తితో కొట్టరాదు. స్ప్రింగును ఎట్టి పరిస్థితిలోను విప్పరాదు; అదిమి ఉంచిన స్ప్రింగు ఎగిరి ముఖానికి తగిలితే కన్ను పోవచ్చును.

పాత బుష్షు తీయుట, కొత్తది ఎక్కించుట

కొన్ని బుష్షులలో రబ్బరు, లోపలి గొట్టం మాత్రమే ఉంటాయి. గొట్టాన్ని ముందుగా నెట్టివేస్తే రబ్బరు స్క్రూడ్రైవరుతో ఊడివస్తుంది. బయట కూడా ఉక్కు తొడుగు ఉన్నచో బెంచి వైసు కావలెను. ఒకవైపు కన్ను రంధ్రంకన్న కొద్దిగా చిన్నదైన సాకెట్టును, రెండవవైపు బుష్షు దూరగలిగినంత పెద్ద సాకెట్టును ఉంచి వైసు బిగిస్తే బుష్షు పెద్ద సాకెట్టులోనికి జారుతుంది. మొండికేసినచో రబ్బరు తొలగించి, తొడుగును హ్యాక్‌సా బ్లేడుతో లోపలినుండి కోయవలెను. కన్ను గోడకు కోత పడరాదు. కొందరు మంటపెట్టి రబ్బరును కాల్చుదురు. ఆ వేడికి లోపలి ఆయిల్ సీళ్ళు పాడగును. గ్యాసు నింపిన షాక్ అబ్జార్బరైతే పేలు ప్రమాదమున్నది.

కన్నును ఎమెరీ కాగితంతో శుభ్రపరచి, కొత్త బుష్షుకు సబ్బునీరు రాసి నెట్టవలెను. గ్రీజు, ఇంజను ఆయిలు వాడరాదు. స్టడ్డుపై గాడి పడినచో ముందు దానిని బాగుచేయించవలెను. లేనిచో కొత్త బుష్షు త్వరలోనే పాతదాని దారి పట్టును. నాలుగింటినీ ఒకేసారి మార్చుట మేలు.

బిగించుట

అనేకులు పొరబడునది ఇక్కడనే. నట్టులను మొదట చేతితో మాత్రమే తిప్పి, బండిని స్టాండు దించి, ఒకరు సీటుపై కూర్చొనిన తరువాత, కంపెనీ పుస్తకంలో చెప్పిన టార్కుకు బిగించవలెను. చక్రం వేలాడుచుండగా బిగించినచో బండి నేలపై నిలిచినప్పుడెల్ల రబ్బరు మెలిపడియే ఉండి త్వరగా చినుగును. స్ప్రింగు సర్దుబాటు మెట్టు రెండువైపులా ఒకటే ఉండవలెను. నెమ్మదిగా నడిపి చూచి, మొదటి వంద కిలోమీటర్ల తరువాత నట్టులను మరల పరీక్షించవలెను.

మా ఇంట పని ముగియుసరికి మధ్యాహ్నమైనది. చివరి బిగింపుకు సీటుపై కూర్చొనుటకు ఒకరు కావలసివచ్చి మా శ్రీమతిని పిలిచితిమి. ఆమె కొంత సందేహించి కూర్చొన్నది. ఆ సాయంత్రమే బజారుకు బయలుదేరి, అదే మలుపులో అదే గుంత మీదుగా నెమ్మదిగా వెళ్ళితిమి. కొంతదూరం పోయిన తరువాత వెనుకనుండి, "ఇప్పుడు లేదండీ" అన్న మాట వినవచ్చినది.

బండి నడుపువానికి వినిపించనిది వెనుక కూర్చొన్నవారికి వినిపించును. ఉద్యోగ మిత్రులు ఈ వారం ఇంట్లోవారిని ఒకసారి అడిగి చూడవలెనని మా మనవి. వచ్చే నెల స్వింగ్ ఆర్మ్ బుష్షులను గురించి ముచ్చటించుకొందము.