తప్పు ఎవరిది అని కాదు, ఎక్కడుంది అని

మా అత్తమ్మ బీపీ మాత్ర మర్చిపోవడం మా ఇంట్లో రోజూ గొడవే. "ఇంత చిన్న పని గుర్తుండదా?" అని నేను విసుక్కునేదాన్ని. "ఏసుకున్ననే అనుకున్న బిడ్డా" అని ఆమె తల దించుకునేది. మొన్న చలికాలంలో కళ్ళు తిరిగి వాకిట్లో పడిపోయింది. దేవుడి దయవల్ల ఎముక విరగలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను ఆమెను తిట్టానే తప్ప, రోజూ ఎందుకిలా అవుతోందని ఒక్కసారైనా ఆలోచించానా?

మా పాలమూరు వైపు గొలుసుకట్టు చెరువులు మీకు తెలిసినవే. పై చెరువు నిండి అలుగు పారితేనే కింది చెరువుకు నీళ్ళు. కింది చెరువు ఎండితే దాన్ని తిట్టి ఏం లాభం? కాలువ వెంట పైకి నడిచి, ఎక్కడ పూడుకుందో చూడాలి. అమెరికాకు చెందిన డొనెల్లా మెడోస్ అనే ఆవిడ ఇలాంటి ఆలోచన మీద రాసిన పుస్తకం, ఆమె పోయిన ఏడేళ్ళకు 2008లో వచ్చింది. విడి మనుషులను కాదు, వాళ్ళ మధ్య ఉన్న లంకెలను చూడమంటుంది.

నేనూ అలాగే పైకి నడిచాను. మాత్ర తిన్నాక వేసుకోవాలి. అత్తమ్మ తినేది తొమ్మిదిన్నరకు. ఎందుకు? జొన్నరొట్టె అప్పటికి గాని కాదు. ఎందుకు? ముందు బాబు డబ్బా, తర్వాత మా ఆయన టిఫిను. అదే సమయానికి నల్లా వస్తుంది, బిందెలు నింపేదీ నేనే. అంటే మాత్ర దగ్గరికి వచ్చేసరికి అలసిపోయిన నేను, ఆకలితో నీరసించిన ఆమె. పూడిక అత్తమ్మ మతిమరుపులో లేదు, పనులన్నీ నా ఒక్కదాని మీదుగా పారడంలో ఉంది.

మార్చింది కొంచెమే. కూరగాయలు రాత్రే తరిగి పెడుతున్నాను. నల్లా మా ఆయనది. మొదటి రెండు రొట్టెలు అత్తమ్మకే. వారం మాత్రలు ఏడు గళ్ళ డబ్బాలో సర్ది రొట్టెల బుట్ట పక్కన పెట్టాం. బడికి పోతూ బాబు ఆ రోజు గడి ఖాళీ అయిందా అని చూస్తాడు.

అయినా ఒక రోజు తప్పింది. ఆదివారం! బడి లేదు కాబట్టి చూసేవాడు లేడు. ఈసారి ఎవరినీ తిట్టలేదు. ఆదివారం చూసే పని మా ఆయనకు అప్పజెప్పాం.

మా ఆయన కిరాణా కొట్టులోనూ ఇంతే. ఉద్దెర లెక్క తప్పిందని పనిచేసే పిల్లవాడి మీద అరిచేవారు. తీరా చూస్తే ఉద్దెర రాసే పుస్తకాలు రెండు! ఒకటే ఉంచాక అరుపులు తగ్గాయి.

ఇలా ఆలోచిస్తే మనుషుల తప్పే ఉండదా అంటారేమో. ఉంటుంది. ఒకరోజు జరిగితే అది మనిషి పొరపాటు కావచ్చు. రోజూ అదే జరుగుతుంటే మాత్రం ఇంటి పద్ధతిని చూడాలి. ఇంకో మాట, పద్ధతి మార్చడమంటే ఇల్లాలికి ఇంకో జాబితా ఇవ్వడం కాదు. ఆమెకు జ్వరమొస్తే ఇల్లంతా ఆగిపోతోందంటే, అదే అన్నిటికన్నా పెద్ద పూడిక.

అత్తమ్మ ఇప్పుడు ఏడున్నరకే రొట్టె తింటోంది. మా ఇద్దరి మధ్య మాటలూ మునుపటికన్నా మెత్తబడ్డాయి. మీ ఇంట్లో రోజూ జరిగే గొడవ ఏది? రేపు తిట్టే ముందు ఒక్కసారి కాలువ వెంట పైకి నడిచి చూడండి.